చీటీలో నాలుగో గడి

ఓబుళమ్మ టీచరమ్మ పోయి ఏడాది కావస్తోంది. వాళ్ల ఊళ్లో ఆమె పేరు మీద ఒక పుస్తకం వేస్తున్నారట. అందులో నన్ను కూడా రెండు పేజీలు రాయమని ఆమె మనవరాలు సుజాత ఫోన్ చేసింది. వెనకే ఒక కాగితం పంపింది. కాగితం మీద టీచరమ్మ ఫోటో, దాని కింద మూడు ముక్కలు: మనవరాలే లోకంగా బతికిన అవ్వ, వందల మందికి అక్షరాలు దిద్దించిన టీచరు, ఊరికి పెద్దదిక్కు. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. మూడూ నిజమే. కాకపోతే ఈ మూడు పనులూ ఒకే మనిషి ఒకే సాయంత్రం ఒకే చోట నిలబడి చేయాల్సి వస్తే ఏమవుతుందో ఆ ముక్కలు రాసినవాళ్లు చూడలేదు. నేను చూశాను. ఆ మూడింటి మధ్య పడి నలిగింది నా ఉద్యోగమే కాబట్టి బాగా గుర్తుంది.

జ్ఞాపకాలు రాసేవాళ్లు చిన్నతనంతో మొదలుపెడతారు. నా చిన్నతనంలో రాయడానికి ఏమీ లేదు. జనగామ వైపు పల్లెలో గడ్డి కోశాను, ఎవరో పిల్లల్ని ఎత్తుకున్నాను, పెళ్లయ్యాక మొగుడి వెంట సీతాఫల్‌మండి వచ్చి పడ్డాను. అక్షరాల లెక్కన చూస్తే నేను పుట్టింది తార్నాకలో. పుట్టేనాటికి నా తలలో సగం వెంట్రుకలు తెల్లబడ్డాయి, ఇంట్లో ఎదిగిన కూతురుంది. కాబట్టి నా బాల్యం అంటే తొంభైలలోని ఆ మూడు నెలలే అనుకోండి. పలక తుడిచిన తడి వాసన, హాస్టలు వంటింట్లోంచి వచ్చే సాంబారు వాసన, టీచరమ్మ కొబ్బరినూనె వాసన కలిస్తే నా బాల్యం.

యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టలు గేటు దగ్గర నాది ఆయా పని, రోజుకూలీ మీద. అప్పట్లో పిల్లల చేతుల్లో ఫోన్లు లేవు. ఎవరైనా ఒక పిల్లను చూడాలంటే గేటు దగ్గర చీటీ రాయాలి. చీటీలో నాలుగు గడులు: వచ్చినవాళ్ల పేరు, చూడాల్సిన పిల్ల పేరు, రూము నంబరు, నాలుగోది బంధుత్వం. వాచ్‌మన్ మల్లయ్య తాత దాన్ని పైకి చదివేవాడు, నేను మెట్లెక్కి పోయి పిల్లను పిలుచుకొచ్చేదాన్ని. పిలిచాక చీటీని బల్ల మీది ఇనుప ముల్లుకు గుచ్చాలి. అంకెలు నాకు వచ్చు. సిటీ బస్సులెక్కే మనిషికి అంకెలు రాకపోతే ఇల్లు చేరదు. అక్షరాలే రావు. ఇక నాలుగో గడి సంగతి క్యాంపస్‌లో అందరికీ తెలిసిందే. తల్లిదండ్రులు వస్తే అమ్మ, నాన్న అని రాస్తారు. మీసాలొచ్చిన ప్రతివాడూ అన్న అని రాస్తాడు. ఒక్కో పిల్లకు సోమవారం ఒక అన్న, శుక్రవారం ఇంకో అన్న. మల్లయ్య తాత ఆ మాట చదివే ముందు చిన్నగా దగ్గేవాడు, అంతే. ఆ దగ్గు మీదే మా హాస్టలు మర్యాద నిలబడి ఉండేది.

మల్లయ్య తాత రిటైరయ్యే రోజు దగ్గరపడింది. ఆయన స్థానంలో ఇంకో మనిషి రాడని, చీటీలు చదివి రిజిస్టరు చూసుకునే ఆయా ఒక్కతే గేటు దగ్గర ఉంటుందని, ఆమెను పర్మినెంటు చేస్తారని వార్డెన్ మేడం నన్ను పిలిచి చెప్పింది.

“నర్సమ్మా, ఫస్ట్ ఛాన్స్ నీకే. కానీ చదవడం రావాలి. మూడు నెలలు టైమ్ ఇస్తా, తర్వాత టెస్ట్ పెడతా. రాకపోతే పక్క హాస్టల్లో ఎయిత్ క్లాస్ చదివిన ఆమె ఉంది. నేనేం చేయలేను.”

పదకొండేళ్లుగా ఆ మెట్లు ఎక్కి దిగుతున్నాను. పర్మినెంటు అయితే నాకు ముసలితనంలో కూర్చుని తినే తిండి. కాకపోతే ఎవరింట్లోనో గిన్నెలు తోమడం. మూడు నెలల్లో అక్షరాలు నేర్చుకోవడం అంటే నాకు అప్పుడు మౌలాలి గుట్టను నెత్తిన పెట్టుకుని దిగడం లాంటిది. ఏడవడానికి గేటు బయట సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను. ఆ బెంచీ మీద అప్పటికే ఒక ముసలామె కూర్చుని ఉంది. అలా దొరికింది నాకు ఓబుళమ్మ టీచరమ్మ.

కడప వైపు ఒక చిన్న టౌనులో ఆమె హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. కొడుకు కూతురు సుజాతకు మా యూనివర్సిటీలో ఎం.ఏ. సీటొచ్చింది. కొడుకూ కోడలూ పిల్లను ధైర్యంగానే హాస్టల్లో దింపి వెళ్లారు. ఈమెకు ధైర్యం చాలలేదు. ఆడపిల్లను ఊరుగాని ఊళ్లో వదిలేస్తే ఎలా అని తనే వచ్చి తార్నాకలో ఒక పిండిగిర్ని వెనక గది అద్దెకు తీసుకుంది. రోజూ నాలుగింటికి చేతిలో టిఫిన్ క్యారియరు, చంకలో నల్ల గొడుగు, కుడిచేతికి మొగుడి గడియారంతో గేటు దగ్గర దిగేది. చీటీ రాసి, నాలుగో గడిలో అవ్వ అని గుండ్రంగా పెట్టేది. సుజాత వచ్చి, చెనక్కాయల పొడి, వడలు తీసుకుని, ఐదు నిమిషాలు నిలబడి, “లైబ్రరీకి పోవాల అవ్వా” అని వెళ్లిపోయేది. అయినా ఆరింటిదాకా అవ్వ అక్కడే కూర్చునేది. కాపలా కదా.

ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. వాళ్ల టౌనులో కుళాయి రాకపోయినా, పింఛను ఆగినా, మొగుడూ పెళ్లాలు కొట్టుకున్నా జనం ఆమె ఇంటికే వచ్చేవారట. తార్నాకలో అద్దెకు దిగిన మూడు వారాల్లో ఆ సందుకూ ఆమే పెద్దమనిషి అయింది. చెత్తకుండీ మూల మీదికి మారింది. పరీక్షల రోజుల్లో పిండిగిర్ని మధ్యాహ్నం పూట ఆగింది. గిర్ని ఆయన, “ఈ యమ్మ కిరాయికొచ్చిందా, నన్ను కిరాయికి పెట్టుకున్నదా సమజైతలేదు” అని నాతోనే అన్నాడు.

ఆ రోజు నా ఏడుపు చూసి ఆమె జాలి పడలేదు. “ఏం మే, ఇంత వయసొచ్చినాది, సంతకం చెయ్యను రాదా?” అంది.

“రాదమ్మా. ఏలుముద్రేస్త.”

“వేలు అందరికీ ఉంటాది. దాంట్లో నీ గొప్పేముంది? రేపు నాలుగింటికి పలక తెచ్చుకో.”

ఆమె చదువు చెప్పే పద్ధతికి రెండు కట్టుబాట్లు. మొదటిది, నోరు తెరిచి గట్టిగా చదవాలి. “మనసులో చదువుకుంటాననే వాళ్లను నేను నమ్మను. బయటికి చదివితేనే తప్పు దొరికేది” అనేది. రెండోది, జవాబు తను చెప్పదు. నేను ఒక అక్షరం దగ్గర ఇరుక్కుపోతే గొడుగు కొనతో దాని మీద కొట్టి కూర్చునేది. చీకటి పడనీ, వాన రానీ, చెప్పదు. సొంత కొడుకును ఐదో తరగతిలో ఫెయిల్ చేసిన మనిషి. ఆ కొడుకే సుజాత తండ్రి. పెద్ద ఇంజనీరై కూడా ఆ సంగతి మర్చిపోలేదని సుజాత చెప్పేది. నాకు మొదటి నెల ఆ ముసలామెను తలుచుకుంటే ఒళ్లు మండేది. నాలుగు ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని కూడా. రెండూ నిజమే.

ఆదివారాలు తార్నాక చౌరస్తాకు తీసుకుపోయేది. బస్సు ముందు బోర్డు, అది కదిలేలోపు చదవాలి. గట్టిగా. ఒకసారి నేను “కా-చి-గూ-డ” అని అరిచేసరికి ఒక ముసలాయన నన్ను కండక్టరమ్మ అనుకుని గబగబా ఎక్కేశాడు. నేను చదివింది వెనక బస్సు బోర్డు. ఆయనెక్కింది మౌలాలి పోయేది. “దింపుండమ్మా ఆయన్ను!” అని నేను మొత్తుకుంటుంటే టీచరమ్మ కదల్లేదు. “చదవడం సరిగ్గానే చదివినావు. ఎక్కేముందు ఆయన కూడా చదువుకోవాల్సింది” అంది.

ఇక కాపలా సంగతి. సాయంత్రం ఎండ కళ్లలో పడుతుందని ఆమె గేటుకు వీపు పెట్టి కూర్చునేది. నేను ఆమెకు ఎదురుగా, గేటు వైపు మొహం పెట్టి. కాబట్టి సుజాత రోజూ సుధాకర్ అనే అబ్బాయితో గేటు దాటి క్యాంపస్ రోడ్డు మీద నడుచుకుంటూ పోవడం నాకు కనపడేది, ఆమెకు కనపడేది కాదు. అతను నల్గొండ వైపు పిల్లాడు, చర్చికి పోయే ఇల్లు, పీహెచ్‌డీ చేస్తున్నాడు. అందరిలాగే అన్న అని చీటీ రాసేవాడు. నేను తలెత్తి చూస్తే, “పలకలోకి చూడు మే, రోడ్డు మీద ఏముంది?” అని కసిరేది. పలకలోకి చూసేదాన్ని. మనవరాలి కోసం మూడు జిల్లాలు దాటి వచ్చిన మనిషి, మనవరాలికి వీపు పెట్టి నాకు అక్షరాలు దిద్దించింది. నాకు లాభం కాబట్టి నేను ఎత్తి చూపలేదు.

ఇంకొకటి కూడా రాయాలి. ఆమె గదిలో కిటికీ గూట్లో ఒక స్టీలు గ్లాసు వేరుగా ఉండేది. ఆదివారాలు నేను వెళితే ఆ గ్లాసులోకి పైనుంచి నీళ్లు పోసేది. అది నాకని ఆమె చెప్పలేదు. ఎందుకని నేనూ అడగలేదు. అక్షరాలు కావాల్సింది నాకు. గ్లాసు గురించి కొట్లాడితే అక్షరాలు పోతాయని లెక్క వేసుకున్నాను. ఊళ్లో మాలవాడలో రాత్రిబడి పెట్టించిన మనిషి అని ఆమె గురించి గొప్పగా చెబుతారు. పెట్టించిందేమో. గ్లాసు మాత్రం వేరే ఉండేది.

మూడు నెలలు నిండాయి. మల్లయ్య తాత ఒక దండ, ఒక గోడ గడియారం తీసుకుని వెళ్లిపోయాడు. ఆ గురువారమే నాకు పరీక్ష. టీచరమ్మను కూడా కూర్చోమని వార్డెన్ మేడమే కుర్చీ వేయించింది. టీచరమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది, నా పెళ్లికి వచ్చినట్టు. మేడం ఇంకా రాకముందే సుధాకర్ వచ్చాడు. కొత్త చొక్కా, మొహంలో దాచుకోలేని నవ్వు. చీటీ గబగబా రాసి నా చేతిలో పెట్టి, “ఆయమ్మా, నువ్వు తీరినంక పిలువు, తొందరేం లేదు” అని రోడ్డవతల చెట్టు కిందికి పోయాడు. మల్లయ్య తాత లేడు, నా చదువు ఇంకా పలక దాటలేదు అని అతని ధైర్యం. నేను చీటీ చూసేలోపే మేడం కారు వచ్చింది. చీటీని ముల్లుకు గుచ్చి లేచి నిలబడ్డాను.

మేడం కూర్చుని, ముల్లు మీది పై చీటీ లాగి నా చేతికిచ్చింది. “ఇది చదువు.”

చదివాను. నోరు తెరిచి, గట్టిగా, కూడబలుక్కోకుండా. వచ్చినవారు సుధాకర్. చూడాల్సినవారు సుజాత. రూము నలభై రెండు. అప్పుడే నాకు అర్థమైంది ఇది ఏ చీటీనో. అయినా భయపడలేదు, నాలుగో గడిలో అన్న ఉంటుందని తెలుసు. ఆ మాట నేను దూరం నుంచే గుర్తుపడతాను. చూస్తే అది అన్న కాదు. నోరు తెరిచే ఉంది, మాట నోట్లోకి రాకముందే లోపల ఎక్కడో వినిపించింది. జన్మలో మొదటిసారి పెదవి కదపకుండా ఒక మాట చదివాను. భర్త.

ముందురోజే వాళ్లిద్దరూ రిజిస్టరు పెళ్లి చేసుకున్నారని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది రెండే రెండు సంగతులు. పెళ్లయిన పిల్లను హాస్టల్లో ఉండనివ్వరు. పిల్ల అవ్వ నా పక్కనే కుర్చీలో కూర్చుని, నా నోటి వంకే గర్వంగా చూస్తోంది.

“అన్న” అన్నాను.

“గుడ్” అంది మేడం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆమెది కాన్వెంటు చదువు. తెలుగు మాట్లాడుతుంది గానీ చేతిరాత అయితే ఒక్క ముక్క చదవలేదు. మాకు చదువులో పరీక్ష పెట్టే మనిషి పరిస్థితి అది. అందుకని చీటీ నా చేతిలోంచి తీసుకుని టీచరమ్మకు అందించింది. “టీచర్‌గారూ, కరెక్టే కదా?”

టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని చదివింది. మొహంలో ఏమీ మారలేదు. గొడుగు పట్టుకున్న చేయి మాత్రం బిగుసుకుంది. ఒక్క మాట, కరెక్టే అంటే చాలు, ఆమె పరువూ నా పొట్టా రెండూ దక్కుతాయి.

“తప్పు చదివింది” అంది.

“అవునా? ఏం రాసి ఉంది?”

“అది చదవాల్సింది ఆయమ్మి. నేను చెప్తే ఇంక పరీక్ష యాడిది? మా బడిలో తప్పినోళ్లకు వారం గడువిచ్చి అదే ప్రశ్న మళ్లీ ఇస్తాం మేడమ్. వచ్చే గురువారం ఇదే చీటీ చదువుతాది. అంతవరకు ఇది నా దగ్గర ఉంటాది.” చీటీని మడిచి చేతిసంచిలో వేసుకుంది.

మేడం గడియారం చూసుకుంది. “ఓకే, వన్ వీక్. లాస్ట్ ఛాన్స్ నర్సమ్మా.”

ఆ రోజు టీచరమ్మ మనవరాలిని పిలవమనలేదు. నా మొహం కూడా చూడలేదు. గొడుగు తెరవకుండానే ఎండలో నడుచుకుంటూ పోయింది. మర్నాడు నాలుగింటికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాకు మాత్రం కడుపు మండిపోతోంది. నేను అబద్ధం చదివింది ఎవరి కోసం? పక్క హాస్టలు ఆమె అప్పుడే వచ్చి మా గేటు దగ్గరి కుర్చీ ఎత్తు చూసుకుని వెళ్లింది. ఆదివారం పొద్దున్నే కొంగు బిగించి తార్నాకకు నడిచాను. దారి పొడుగునా ఏం తిట్టాలో ఏరుకుంటూ నడిచాను.

గిర్ని పిండి ఆ సందంతా ఎగురుతోంది. ఇద్దరినీ టీచరమ్మే కబురు పెట్టి పిలిపించుకుందట; గదిలో సుజాత ముక్కు ఎర్రగా చేసుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. సుధాకర్ ట్రంకుపెట్టె మీద కూర్చుని కొబ్బరి తురుముతున్నాడు. టీచరమ్మ పొయ్యి దగ్గరుంది. నేను గడపలోనే మొదలుపెట్టాను.

“ఏందమ్మా, మీ పిల్లను కాపాడినందుకు నా నోట్ల మన్ను గొడ్తరా?”

“లోపలికి రా మే. కూర్చో.”

“కూసోను! పదకొండేండ్లాయె నేను ఆ మెట్లు ఎక్కవట్టి. కరెక్టే అని ఒక్క మాటంటే మీదేం పోతుండె?”

“నువ్వు చదివింది తప్పు. తప్పును తప్పంటి.”

“రాక తప్పు చదివిన్నా నేను? కావాలని చదివిన!”

“తెలుసు. అందుకే వారం గడువు ఇప్పించినా. రానిదానికైతే నెల అడిగుందును.”

ఆమె గరిటె పక్కన పెట్టి ఇటు తిరిగింది. ఆమె కళ్లూ ఉబ్బే ఉన్నాయి. “నువ్వు ఆ పొద్దు ఉండేది ఉన్నట్టు చదివుంటే, ఆ వార్డెనమ్మ సాయంత్రానికంతా దీన్ని పెట్టెతో సహా బయట నిలబెట్టుండు. నాకు కనీసం ఏడ్చేదానికి కూడా టైం ఉండేది కాదు. పోనీ, నువ్వు చదివిందే సరి అంటే? రేపు పెండ్లి సంగతి బయటపడినాక నీ ఉద్యోగం ఏమయ్యేది? దొంగచదువుతో వచ్చిందని ఊడపెరికేవాళ్లు. ఏం చెయ్యాలో తెలీక ఒక వారం సంపాదించుకున్నా. అంతే మే, దాంట్లో నా తెలివేమీ లేదు.”

“మరి మీరు ఒప్పుకున్నరా?”

“ఒప్పుకోక?” అంది, చేదు మందు తాగినట్టు మొహం పెట్టి. “మా ఊళ్లో ఇట్లాంటి పెండ్లిండ్లు మూడు నేనే కూర్చోని ఒప్పించినా. పిల్లోళ్ల నాయన్లకు గంటలు గంటలు నీతులు చెప్పినా. నాలుగోది మా ఇంట్లో పడింది. ఇప్పుడు ఆ నీతులు మర్చిపోదామంటే ఊరంతా సాక్షి.”

“మా నాయనకు అవ్వ ఫోన్ చేసింది ఆంటీ” అంది సుజాత. “ఎస్టీడీ బూత్ బయట ఉండే వాళ్లకు కూడా వినపడేట్లు అరిచినాడు.”

“వాడు ఐదో తరగతిలోనూ అంతే. ప్రశ్న వినకుండానే జవాబు చెప్తాడు” అంది టీచరమ్మ.

ఆ మాటకు సుధాకర్‌కు నవ్వొచ్చి, నవ్వు ఆపుకోబోయి పొలమారింది. దగ్గుతూ లేచి, చేతికందిన గ్లాసు తీసి కుండలో ముంచి గటగటా తాగాడు. అది కిటికీ గూట్లోని గ్లాసు. ఆ ఇంట్లో ఏది ఎవరిదో అతనికేం తెలుసు? టీచరమ్మ “ఆ గ్లాసు...” అని మొదలుపెట్టి ఆగిపోయింది. నేను ఆమెనే చూస్తున్నాను. ఆమె నన్ను చూడలేదు.

“ఏమైందవ్వా, కడగలేదా ఇది?” అన్నాడతను.

“కడిగిందే” అంది. “ఇట్లియ్యి.” అతని చేతిలోంచి తీసుకుని, మళ్లీ కడిగి, అల్మారాలో మిగతా గ్లాసుల మధ్య పెట్టేసింది. ఆ తర్వాత నేను వెళ్లినప్పుడల్లా వెతికేదాన్ని. అన్నీ ఒక్కలాంటివే, నాది ఏదో తెలిసేది కాదు. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

గురువారం వచ్చింది. ఈసారి గేటు దగ్గర జనం ఎక్కువయ్యారు. మేడం, టీచరమ్మ, పెట్టె సర్దుకుని నిలబడ్డ సుజాత, పనేమీ లేకపోయినా వచ్చి నిలబడ్డ పక్క హాస్టలు ఆమె. టీచరమ్మ చేతిసంచిలోంచి చీటీ తీసి నాకిచ్చింది. నేను మూడు నెలల కోపం, వారం రోజుల భయం అంతా కలిపి చదివాను. వచ్చినవారు సుధాకర్. చూడాల్సినవారు సుజాత. రూము నలభై రెండు. బంధుత్వం, భర్త.

మెస్సులో గరిటెల చప్పుడు ఆగిపోయింది. మేడం కళ్లజోడు తీసేసింది. “వాట్?”

“ఇప్పుడు సరిగ్గా చదివింది” అంది టీచరమ్మ. “ఇదిగో మేడమ్, రూము ఖాళీ చేస్తాన్నట్టు కాగితం. పెండ్లయినోళ్లు ఉండకూడదని మీ రూలు. పిల్ల నా గదిలో ఉండి చదువుకుంటాది.”

మేడం ఆ కాగితం చూసింది, నన్ను చూసింది, టీచరమ్మను చూసింది. “అంటే పోయిన వారం మీ ఇద్దరికీ...”

“పోయిన వారం ఆయమ్మి తప్పింది. ఈ వారం పాసయింది. మీ రిజిస్టర్లో అంతే రాసుకోండి.”

మేడం అంతే రాసుకుంది. పెట్టె మోసుకుంటూ గేటు దాటేటప్పుడు సుజాత నా దగ్గర ఆగింది. “కొంచెం మెల్లిగా చదివుంటే ఏం పొయ్యేది ఆంటీ? మూడో అంతస్తు దాకా వినపడింది.”

“మెల్లగ చదువుడు మీ అవ్వ నేర్పలే బిడ్డా” అన్నాను.

పర్మినెంటయ్యాను. రిటైరయ్యేదాకా అదే గేటు, అదే కుర్చీ. ఆ ఇన్నేళ్లూ నాలుగో గడిలో అన్న, అన్న, అన్న అని రాసిన చీటీలను తప్పు లేకుండా చదివినందుకే యూనివర్సిటీ నాకు జీతమిచ్చింది. చదవడం రానప్పుడు అబద్ధం మోసేదాన్ని, వచ్చాక అదే అబద్ధాన్ని చదివి మోశాను. మల్లయ్య తాత దగ్గు కూడా నాకు అలవాటైంది. టీచరమ్మ సుజాత ఎం.ఏ. అయ్యేదాకా తార్నాకలోనే ఉంది. గేటు దగ్గర ఆమెకు చూడాల్సిన పిల్ల లేకపోయినా నాలుగింటికి వచ్చేది, నాకు ఒత్తులు ఇంకా సరిగ్గా రావని. కొడుకు రెండేళ్లకు వచ్చి అల్లుడితో మాట్లాడాడు. ఇప్పుడు ఆ పిండిగిర్ని ఉన్నచోట అపార్టుమెంటు లేచింది. హాస్టలు గేటుకు వేలిముద్ర మిషను పెట్టారు. ఇన్నాళ్లు నేర్చుకున్నాక మళ్లీ వేలి దగ్గరికే వచ్చారు. చీటీలు లేవు, గేటు దగ్గరున్నా అని ఫోన్ చేస్తే పిల్ల దిగి వస్తుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో ఎవరూ అడగరు. మంచిదే. అబద్ధాలు తగ్గాయని మాత్రం అనుకోను, రాయించుకునేవాళ్లు తగ్గారు.

ఇదంతా రాశానని తెలిసి నిన్న సుజాత ఫోన్లోనే చదవమంది. చదివాను. పరీక్ష దాకా నవ్వుతూ విన్నది, అక్కడికొచ్చేసరికి నన్ను ఆపేసింది. “ఆంటీ, ఆ చీటీ సంగతి తీసేయండి. మా నాయనకు డెబ్బై ఐదు దాటినాయి. ఆ పుస్తకం విడుదల చేసేది ఆయనే. ఐదో తరగతి ముక్క కూడా వద్దు. అవ్వ గురించి మంచిమాటలు రెండు చాలు.”

“ఇవి చెడ్డమాటలానే? తీసేస్తే ఏం మిగుల్తది? ఆమె వచ్చింది, చదువు చెప్పింది, పోయింది. గంతే కదా.”

“అంతే రాయండి.”

“ఆమె ఉంటే నాకు సున్నా ఏస్తది.”

వెనక నుంచి సుధాకర్ గొంతు వినపడింది. “ఎవరు, నర్సమ్మ ఆయమ్మనా? గిటియ్యి.” ఫోన్ చేతులు మారింది. “ఆయమ్మా, ఉంచు. తియ్యకు. ఆ గేటు కాడ ఎంతమంది మగపిల్లలం చీటీలు రాసినమో లెక్కలేదు. నిజం రాసినోణ్ణి నేనొక్కణ్ణే. అచ్చయితే మంచిగుంటది.”

“నిజం రాసి నన్ను హాస్టల్లోంచి ఎళ్లగొట్టించినావు!” అని అవతల సుజాత అరిచింది. “రోజూ రాసినట్టే అన్న అని రాసుంటే ఏమయ్యేది?”

“పెండ్లయిన తెల్లారి గూడ అన్న అని రాయాల్నా?”

ఇద్దరూ అందుకున్నారు. నేను లైన్లో ఉన్నానన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. కాసేపు విని, ఫోన్ పెట్టేసి, వాళ్లు తేల్చుకునేలోపే కాగితాలు కవర్లో పెట్టి అంటించాను.